గడప దగ్గర ఆగిన కెమెరా

పాపకు పాలిస్తుండగా ఎవరైనా తనను వీడియో తీస్తారేమోనన్నది ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం. ఆ వీడియో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి పాకుతుందని, చివరికి మొగుడు నడిపే బస్సులో వెనక సీటు మీద కూర్చున్న ఎవడో దాన్ని చూసి పక్కవాడికి చూపిస్తాడని, ఆమె ఊహ అంతదూరం వెళ్ళిపోయేది. పాపకు జ్వరం వస్తుందన్నది రెండో భయం. గ్యాస్ కట్టానో లేదోనన్నది మూడోది. ఆ తర్వాతి వాటికి వరుసంటూ లేదు. ఏది ముందు గుర్తొస్తే దానికి భయపడేది.

మొగుడు సిటీ బస్సు డ్రైవరు. ఆమెను పేరుపెట్టి పిలవడం ఎప్పుడో మానేశాడు. "కంగారూ" అంటాడు. పదకొండు నెలల పాపను ఎప్పుడు చూసినా పొట్టకు కట్టుకునే తిరుగుతుంది కాబట్టి ఆ పేరు రెండు రకాలుగానూ అతికినట్టు సరిపోయిందని అతని జోకు. ఆ జోకుకు మొదట నవ్వింది పక్క వాటాలో ఉండే మిషనక్క. పాపను కట్టుకునే ఆ గుడ్డసంచి కుట్టిపెట్టింది కూడా ఆవిడే.

వీధిలో అందరికీ ఆవిడ మిషనక్కే. కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని, మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులతో పొద్దున్నుంచి సాయంత్రందాకా జాకెట్లూ దిండుగలీబులూ స్కూలు యూనిఫారాలూ కుట్టేది. సూదులు నోట్లో పెట్టుకునే మాట్లాడేది. "అక్కా, మింగేస్తావు" అని ఈమె వణికిపోతే, "మింగితే లోపలే కుట్టేసుకుంటాలే" అనేది.

ఆవిడ భర్త తాళంచెవులు చేసేవాడు. పోస్టాఫీసు మూల మీద ఒక చెక్కపెట్టె, నాలుగు ఆకురాళ్ళు, ఇంకా పళ్ళు కొయ్యని తాళంచెవుల గుత్తి, ఒక గొడుగు. అంతే ఆయన దుకాణం. తాళాల బావ అని ఈమె పిలిస్తే, వీధంతా అదే పేరు పట్టుకుంది. ఆయనకొక పట్టింపు ఉండేది. పాత తాళంచెవో, తాళమో చేతికిస్తేనే పని ముట్టుకునేవాడు. సబ్బు బిళ్ళ మీద అచ్చు దించుకుని వచ్చేవాళ్ళను, "సబ్బు ఒళ్ళు రుద్దుకోవడానికి నాయనా" అని సాగనంపేవాడు.

ఒకే ఇంటికి మధ్యలో గోడ పెట్టి రెండు వాటాలు చేశారు. ఆ గోడ ఎంత పల్చనిదంటే, ఇవతల తుమ్మితే అవతలివాళ్ళు ముక్కు తుడుచుకోవాలని తాళాల బావ అనేవాడు. ఆ గోడే ఆడవాళ్ళిద్దరికీ టెలిఫోను. మిషనక్క కత్తెర పిడితో రెండు దెబ్బలు కొట్టిందంటే "ఒకసారి రా" అని. ఈమె గరిటె కాడతో రెండు కొట్టినా అదే అర్థం. కొట్టాక ఎవరూ రాకపోవడమంటూ ఎప్పుడూ లేదు. పాపను అందుకోవడానికి, టీకి, ఊరికే కాసేపు కూర్చోవడానికి, దేనికైనా రెండు దెబ్బలే.

ఆ ఊళ్ళో ప్రతి పోలీస్‌స్టేషనుకూ ఒక పౌరసంఘం ఉండేది. స్టేషన్‌లోకి కొత్త లాఠీ రావాలన్నా, కొత్త వాహనం రావాలన్నా, ఉన్నదాన్ని వాడే పద్ధతి మార్చాలన్నా సంఘంలోని తొమ్మిదిమందీ చేతులెత్తి తేల్చాలి. ఆ తొమ్మిదిమందిలో ఎవరెవరు ఉండాలో ఒక కాగితం మీద అచ్చువేసి గేటుకు అంటించారు. చివరి గడిలో "అయిదేళ్ళలోపు బిడ్డ ఉన్న తల్లి, ఒకరు" అని ఉంది. ఆ గడి మూడు నెలలుగా ఖాళీ.

"వెళ్ళవే" అంది మిషనక్క.

"తొమ్మిదో తరగతితో ఆపేసినదాన్ని. వాళ్ళ మధ్యన నేనేం మాట్లాడతానక్కా?"

"నీకు భయం తెలుసు కదా. స్టేషన్ అంటే ఎక్కడెక్కడ భయమేస్తుందో చెప్పు. అది చదువుకున్నవాళ్ళకి తెలీదు."

తమ్ముళ్ళిద్దరినీ చూసుకునే మనిషి లేక తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానినప్పటి నుంచీ ఆమెను ఎవరూ ఏ విషయం మీదా అభిప్రాయం అడగలేదు. వెళ్ళింది. సంతకం పెట్టింది. పాపను కట్టుకునే వెళ్ళింది.

సంఘం కూర్చునేది స్టేషన్ పైఅంతస్తులో, ఒకప్పుడు పాత కాగితాలు పడేసిన గదిలో. పది పన్నెండు కుర్చీలు, అందులో ఒకదానికి కాలు పొట్టి. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు అదే దక్కేది. కిటికీలోంచి చూస్తే, పట్టుకొచ్చి పడేసిన స్కూటర్లు పెరట్లో తుప్పు పట్టి కనిపించేవి. అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన్ను పెద్దమాస్టారు అనేవారు. ఆయన దస్తూరీ అచ్చు గుద్దినట్టుండేది కాబట్టి తీర్మానాలు ఆయనే రాసేవారు. ఇంకా లాయరమ్మ, మందుల షాపాయన, మరో అయిదుగురు. స్టేషన్ తరఫున ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చునేవాడు గానీ ఆయనకు చెయ్యెత్తే హక్కు లేదు.

మొదటి మూడు నెలలూ ఆమె నోరు విప్పలేదు. కరెంటు షాకిచ్చే తుపాకీ తెస్తామంటే సంఘం వద్దంది. ఆమె కూడా చెయ్యెత్తింది. అదంతా చూసి ఆమెకు ఆశ్చర్యమేసింది. ఇంతమంది పోలీసులు ఉన్న చోట ఒక మందుల షాపాయనా ఒక మాస్టారూ వద్దంటే తుపాకీ ఆగిపోయింది.

నాలుగో నెలలో కెమెరా వచ్చింది. అగ్గిపెట్టె అంత ఉంది. చొక్కా జేబు దగ్గర తగిలించుకుంటే ఎదుట ఏం జరిగినా రికార్డవుతుందని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. దాన్ని చేతులు మార్చుకుంటూ అందరూ చూశారు. ఆమె దగ్గరకొచ్చేసరికి పాప దాన్ని నోట్లో పెట్టుకోబోయింది. గదంతా నవ్వింది.

ఆమె నవ్వలేదు. మొన్న అద్దెకున్నవాళ్ళ వివరాలు రాసుకోవడానికి ఇద్దరు పోలీసులు వచ్చినప్పుడు తలుపు చేరేసి ఉంది. తట్టీ తట్టకుండానే లోపలికొచ్చారు. ఆమె మంచం మీద కూర్చుని పాపకు పాలిస్తోంది. ఉతికి ఉతికి పల్చబడిపోయిన నైటీలో ఉంది. వాళ్ళు వెంటనే తల తిప్పుకున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ కెమెరాకు తల తిప్పుకోవడం తెలియదు.

"సార్" అంది. గొంతు తనదిలా లేదు. "అది ఇంట్లోకి రాకూడదు సార్. గడప దాటేముందే ఆపెయ్యాలి. ఇళ్ళల్లో ఆడవాళ్ళం ఎలా ఉంటామో ఏమో. ఆ బొమ్మలు ఎవరెవరి చేతుల్లో పడతాయో."

ఇన్‌స్పెక్టరు పెన్ను తీశాడు. "చాలా మంచి మాట అమ్మా. మాకు తట్టలేదు."

లాయరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "చూడమ్మాయ్, నువ్వన్న భయం నిజమే. దానికి మందు ఆపడం కాదు. తీసింది ఎవరు చూడాలి, ఎవరు చూడకూడదు, ఎక్కడ దాచాలి, అది గట్టిగా రాసుకుందాం. వీధిలో అయితే పదిమంది కళ్ళుంటాయి. లోపలే కదా కెమెరా కావలసింది."

"లోపల మీరు ఎలా ఉన్నా ఫర్వాలేదేమో మేడమ్. మాకలా కాదు" అనేసింది ఆమె.

అలా ఎందుకందో ఆమెకే తెలియదు. లాయరమ్మ మొహం ఎర్రబడింది. మందుల షాపాయన కిసుక్కున నవ్వాడు. పెద్దమాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "మా కోడలు కూడా సరిగ్గా ఇదే అంటుంది" అన్నారు. చేతులు లేచాయి. అటు అయిదు, ఇటు నాలుగు. "ఇంటి గడప దాటుటకు ముందు సిబ్బంది ఆ సంగతి పైకి చెప్పి, కెమెరాను ఆపవలెను" అని పెద్దమాస్టారు అందంగా రాశారు.

ఆమె ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకుంది. తన నోటి మాట మీద పోలీసు ముద్ర. సాయంత్రం గోడ మీద గరిటెతో రెండు దెబ్బలు కొట్టి, మిషనక్కకు చూపించింది.

"అబ్బో, మా పిల్ల మాట పోలీసులు వింటున్నారు" అంది మిషనక్క, సూదుల మధ్యనుంచే. "మంచి పని చేశావు. నేను కూడా ఇంట్లో ఎలా పడితే అలా కూర్చుని కుట్టుకుంటాను కదా."

తాళాల బావ ఫొటోను దూరంగా పెట్టుకుని, దగ్గరగా పెట్టుకుని చదివాడు. "మరదలు పిల్లా, నువ్వు పోలీసులకే తాళం వేశావు పో" అన్నాడు.

ఆ మాటకు ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు ఆమెకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

రెండు నెలలు గడిచాయి. పేటలో వరసగా అయిదిళ్ళు దోచారు. ఎక్కడా తలుపు పగలలేదు, గొళ్ళెం విరగలేదు. ఎవరో తాళంచెవితో తీసుకుని, మళ్ళీ తాళం వేసుకుని మరీ వెళ్ళారు. తాళంచెవులతో దొంగతనమంటే అందరి చూపూ ముందు ఎవరి మీద పడుతుందో చెప్పనక్కర్లేదు. పోస్టాఫీసు మూల మీద జనం గొడుగుకు కొంచెం దూరంగా నడవడం మొదలుపెట్టారు.

"నన్నే అనుకుంటున్నారు" అన్నాడు తాళాల బావ ఒకరోజు, తాళంచెవుల గుత్తిని తుడుస్తూ. "అనుకోనీ. అడిగితే చెప్తా. అడగనిదే ఎలా చెప్పను?"

అడగడానికి మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు వచ్చారు. ముగ్గురు. ముందు నడిచింది హెడ్ కానిస్టేబులు. ఇన్‌స్పెక్టరు ఆ వారం ఊళ్ళో లేడు. బేరాల్లేక తాళాల బావ ఇంట్లోనే ఉన్నాడు.

ఆమె వంటగదిలో ఉంది. పాప నిద్రపోతోంది. కుట్టుమిషను చప్పుడు గోడ అవతల నుంచి మామూలుగా వస్తోంది. వస్తూ వస్తూ ఆగింది. మగ గొంతులు. ఏదో లాగిన చప్పుడు. తాళాల బావ గొంతు నెమ్మదిగా, విడమరిచి ఏదో చెబుతున్నట్టు. మధ్యలో సబ్బు, సబ్బు అని రెండుసార్లు వినిపించింది. తర్వాత ఇనుము మీద ఇనుము పడ్డట్టు ఒక చప్పుడు. తర్వాత బావ గొంతు. అది మాట కాదు. ఆమె ఆయన దగ్గర నుంచి అలాంటి గొంతు ఎప్పుడూ వినలేదు.

ఆ వెంటనే గోడ మీద కత్తెర. రెండు దెబ్బలు.

ఆమె చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. కాళ్ళు తలుపు వైపు వెళ్ళాయి. గొళ్ళెం మీద చెయ్యి పడింది. అప్పుడు ఆమెకు తన గడప కనిపించింది. ఈ తలుపు తీసి ఆ తలుపు తడితే, రేపు వాళ్ళు ఈ గడప దగ్గరికీ వస్తారు. పైకి ఒక మాట చెప్పి, బొత్తాం నొక్కి, లోపలికొస్తారు. లోపల పాప ఉంటుంది. ఎవరూ చూడరు.

మళ్ళీ రెండు దెబ్బలు.

ఆమె వంటగదిలోకి తిరిగి వెళ్ళి కుళాయి పూర్తిగా తిప్పింది. బకెట్లో నీళ్ళు ధారగా పడే చప్పుడు గదంతా నిండింది. బకెట్ నిండి, నీళ్ళు పొర్లి, ఆమె పాదాల మీదుగా పారుతున్నా కట్టలేదు.

అసలు దొంగ మూడో రోజు ఇంకో పేటలో దొరికాడు. ఇళ్ళు చూపించే బ్రోకరు దగ్గర పనిచేసేవాడు, తాళంచెవులు వాడి చేతిమీదుగానే పోయేవి. అప్పటిదాకా స్టేషన్‌లో ఉంచిన తాళాల బావను పంపించేశారు. కుడిచేతికి కట్టు ఉంది. బొటనవేలూ చూపుడువేలూ రెండు చోట్ల విరిగాయని ఆస్పత్రిలో చెప్పారు. పోలీసుల రిపోర్టులో "తడబడి కుట్టుమిషను మీద పడెను" అని ఉంది. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాలో తాళంచెవుల గుత్తి ఒకటి, ఆకురాళ్ళు నాలుగు, వాడిన స్నానపు సబ్బు ఒకటి అని రాశారు.

మిషనక్క సంఘానికి ఫిర్యాదు పెట్టింది. స్టేషన్ మీద ఎవరు ఫిర్యాదు చేసినా సంఘం కెమెరా బొమ్మలు చూసి, పక్కవాళ్ళను అడిగి, నెలలోపల తేల్చాలి. అది కూడా పెద్దమాస్టారి దస్తూరీలో ఉన్న నియమమే.

ఫిర్యాదు విచారణ రోజు మిషనక్క కాస్త ఆలస్యంగా వచ్చింది. పొట్టి కాలి కుర్చీలో కూర్చుంది. కదిలినప్పుడల్లా కుర్చీ టక్కుమంటోంది. ఆవిడ కదలకుండా కూర్చోవడానికి ప్రయత్నిస్తోంది. గోడకు తెల్లగుడ్డ కట్టి వీడియో వేశారు. హెడ్ కానిస్టేబులు గుండె మీది నుంచి వీధి ఊగుతూ వచ్చింది. పోస్టాఫీసు మూల, మురుగుకాలువ మీది రాతిపలక, కిటికీ ఊచలకు ఆరేసిన పాప బట్టలు. తన కిటికీ. ఆ తర్వాత మిషనక్క వాటా. మిషను మీంచి తలెత్తిన మిషనక్క మొహం, నోట్లో సూదులు. అప్పుడొక గొంతు, పాఠం అప్పజెప్పినట్టు, స్పష్టంగా:

"ఇంటి గడప దాటుతున్నాం. సంఘం నియమం ప్రకారం కెమెరా ఆపుతున్నాం."

తెల్లగుడ్డ నల్లబడింది. మూలలో మూడూ ఏడు అని అంకెలు. మళ్ళీ బొమ్మ వచ్చేసరికి మూడూ నలభై ఆరు. తాళాల బావ వీపు. చేతికి తువ్వాలు చుట్టి ఉంది.

"నియమం తు.చ. తప్పకుండా పాటించారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయన గొంతులో వెటకారం లేదు. ఉంటే ఆమెకు కొంచెం తేలికగా ఉండేదేమో.

లాయరమ్మ ఆమె వైపు తిరిగింది. పాత మాటను దెప్పలేదు. మెల్లగా అడిగింది. "నువ్వు పక్క వాటాలోనే ఉన్నావు కదమ్మాయ్. ఆ నలభై నిమిషాల్లో నీకు ఏం వినిపించింది?"

పాప ఆమె ఛాతీ మీద గుండీ పట్టుకుని లాగుతోంది. హెడ్ కానిస్టేబులు గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమెను చూడటం లేదు. పాపను చూస్తున్నాడు, పిల్లల్ని ఎవరైనా చూసినట్టే. ఆ చూపులో ఏమీ లేకపోవచ్చు. ఆమెకు మాత్రం మళ్ళీ తన గడప కనిపించింది.

"ఏదో పడ్డట్టు వినిపించింది మేడమ్. పాప ఏడుస్తోంది. నీళ్ళు పడుతున్నాను. సరిగ్గా తెలీలేదు."

"గొంతులు? అరుపులు?"

"తెలీలేదు."

కుర్చీ ఒకసారి టక్కుమంది.

"తగిన ఆధారము లేనందున" అని పెద్దమాస్టారు రాయడం మొదలుపెట్టారు. ఆయన దస్తూరీ ఆ రోజు కూడా అందంగానే ఉంది.

మూడు రోజులు గోడ పలకలేదు. నాలుగో రోజు ఆమె పాపను కట్టుకుని పక్క వాటా గుమ్మంలో నిలబడింది. మిషనక్క భర్త చొక్కాకు గుండీలు పెడుతోంది. ఆయన కుర్చీలో కూర్చుని, చిన్నపిల్లాడిలా గడ్డం పైకెత్తి ఉన్నాడు. ఆమెను చూసి, "రా మరదలు పిల్లా" అన్నాడు. ఆ పిలుపు మారలేదు. అదే ఆమెకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

ఆయన లోపలిగదిలోకి వెళ్ళాడు. వెళుతూ, స్టేషన్‌వాళ్ళు తిరిగిచ్చిన ఆకురాళ్ళలో ఒకటి చేతిలోకి తీసుకుని, రెండు వేళ్ళ మధ్య నిలపబోయాడు. అది జారింది. వంగి తీసుకుని, మళ్ళీ నిలపబోయాడు.

"అక్కా" అంది ఆమె. "ఆ నియమం నేను పెట్టించాను. దానివల్లే ఇదంతా. వచ్చే నెల లేచి నిలబడి మార్పించేస్తాను. ఒట్టు."

"మార్పించు. మంచిదే" అంది మిషనక్క. "తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుంది. నియమం సంగతి నాకేం కోపం లేదే. నువ్వు చెప్పినప్పుడు నేనూ బాగుందనే అన్నాను కదా. ఇద్దరం బుర్ర తక్కువ వాళ్ళమే."

"మరి నాతో మాట్లాడవేం?"

మిషనక్క నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి మిషను మీది చిన్న దిండులో గుచ్చింది. ఆవిడ నోట్లో సూదులు లేకుండా మాట్లాడటం ఆమె అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"కత్తెరతో కొట్టాను. నాలుగు దెబ్బలు."

"పాప ఏడుస్తోందక్కా. నాకు..."

"పాప ఏడుపు నాకు వినపడలేదే" అంది మిషనక్క నెమ్మదిగా. "గోడ ఒకటే కదా. కుళాయి వినిపించింది."

ఆమె పాప సంచి పట్టీ సర్దుకుంది.

"నిన్ను వాళ్ళతో కొట్లాడమన్నానా? తలుపు ఒక్కసారి తడితే సరిపోయేది. సూది కావాలనో, చక్కెర నిండుకుందనో, ఏదో ఒకటి. బయట మనిషి ఉందని తెలిస్తే ఆ చెయ్యి ఆగేది. రెండోవేలయినా మిగిలేది."

అంతే అంది. గట్టిగా కూడా అనలేదు. ఆ తర్వాత మిషను మీదికి వంగి, దారం సూదిలోకి ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. రెండుసార్లు తప్పింది. ఎప్పుడూ తప్పని చెయ్యి.

ఆ రాత్రి మొగుడికి అన్నీ చెప్పింది. అతను "కంగారూ" అనలేదు. తిన్న కంచం పక్కకు జరిపి, "నేనున్నా నిన్ను వెళ్ళొద్దనే అనేవాణ్ణేమో" అన్నాడు. ఆ మాట ఓదార్పో, తప్పు ఒప్పుకోలో ఆమెకు తేలలేదు.

తర్వాతి సమావేశానికి ఆమె అందరికంటే ముందు వెళ్ళింది. పొట్టి కాలి కుర్చీలో తనే కూర్చుంది. అజెండాలో ఏముందో చదవకముందే లేచి నిలబడింది.

"గడప దగ్గర కెమెరా ఆపమన్నది నేనే. అది తీసెయ్యాలి. లోపల కూడా నడవాలి. తీసినదాన్ని తాళం వేసి ఉంచాలి, ఆ ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే ఎవరైనా చూడాలి. లాయరమ్మగారు అప్పుడే చెప్పారు. నేనే వినలేదు." ఊపిరి తీసుకుంది. "ఇంకోటి. పోయిన నెల నేను అబద్ధం చెప్పాను. పాప ఏడవలేదు. నిద్రపోతోంది. నాకు అన్నీ వినిపించాయి. ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు, బావ అరుపు, అక్క గోడ మీద కొట్టిన దెబ్బలు. నేనే కుళాయి తిప్పుకున్నాను."

గుమ్మం పక్కన హెడ్ కానిస్టేబులు లేడు. వేరే స్టేషన్‌కు బదిలీ అయ్యాడు, మామూలు బదిలీయే.

నియమం మారింది. ఈసారి ఎనిమిది చేతులు లేచాయి. మందుల షాపాయనది ఒక్కటే లేవలేదు. పెద్దమాస్టారు స్కేలు పెట్టి పాత వాక్యం మీద వంకర లేకుండా గీత కొట్టారు.

"మరి బావ ఫిర్యాదు?" అని అడిగింది ఆమె.

ఇన్‌స్పెక్టరు కాగితాలు తిరగేశాడు. "గడువు దాటిపోయిందమ్మా. తేల్చేసినదాన్ని మళ్ళీ తెరవడానికి ఫిర్యాదుదారు వచ్చి కొత్తగా సంతకం పెట్టాలి. మీరు చెప్పింది పక్కన రాసి ఉంచుతాం. ఆవిడను ఒకసారి రమ్మనండి."

రమ్మనడానికి ఆవిడ లేదు. నాలుగు రోజుల ముందే, ఈమె పాపను టీకాకు తీసుకెళ్ళిన పూట, ఒక చిన్న లారీ వచ్చి పక్క వాటాలోని సామాను ఎక్కించుకుని వెళ్ళింది. ఎటు వెళ్ళారో ఇంటి ఓనరుకూ తెలియదు. పోస్టాఫీసు మూల మీద గొడుగు పాతిన గుంత మాత్రం ఉంది. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. ఈమె గుమ్మానికి ఒక సంచి తగిలించి ఉంది. దానిలో పాపకు కొత్త గుడ్డసంచి, కాస్త పెద్ద కొలతతో. పాప పెరుగుతుంది కదా అని ముందే కుట్టినట్టుంది. చీటీ లేదు.

లాయరమ్మ అడ్రసు కోసం వెతుకుతోంది. దొరికితే సంతకం తీసుకుని, ఫిర్యాదు మళ్ళీ తెరిపిస్తానని మాట ఇచ్చింది. ఆమె ఏ గదిలోనైనా, ఎవరి ముందైనా నిలబడి తను విన్నది చెప్పడానికి సిద్ధంగా ఉంది. వీడియోలో కనబడతానన్న భయం ఆమెకు పోలేదు, ఉంది. కానీ ఇప్పుడు అది రెండోది. ఎవరికీ కనబడకుండా ఎవరికైనా ఏదైనా అవుతుందన్నది మొదటిదైపోయింది. ఇప్పటికీ వంట చేస్తూ చేస్తూ ఆగి, ఖాళీ వాటా వైపు గోడకు చెవి ఆనిస్తుంది.

అందుకే, ఇది చదువుతున్న మీకు ఒక్క మాట. ఈమధ్య మీ వీధిలోకి కొత్తగా ఎవరైనా వచ్చి దిగారేమో చూడండి. కిటికీ పక్కన కుట్టుమిషను ఉంటుంది. ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది, మొదట అర్థం కాకపోయినా అలవాటవుతుంది. ఆయన కుడిచేతి రెండు వేళ్ళూ పూర్తిగా వంగవు, చొక్కా గుండీలు ఆవిడే పెట్టాలి. వాళ్ళే అయితే ఒకసారి వెళ్ళి తలుపు తట్టండి. చినిగిన దిండుగలీబు పట్టుకెళ్ళినా చాలు, ఏదో ఒక వంక. ఎవరు పంపారో చెప్పనక్కర్లేదు. బాగున్నారో లేదో మీ కళ్ళతో చూడండి. మొదటిసారికి తీయకపోతే వెనక్కి తిరిగి రాకండి. మళ్ళీ తట్టి, తీసేదాకా ఆ గడప దగ్గర కాసేపు నిలబడండి.